దాలమ్మ ఆసనం

కొత్తవలస, ఆశ్రమం
12 నవంబరు 2023

చెల్లెలు దాలమ్మకు అన్న నూకయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇక్కడి ఆఫీసు బల్ల మీద వారం రోజులు పడి ఉందట. ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకుంటారని నీకు తెలుసు. ఉత్తరాలు ఇస్తారు గాని, వాళ్లకి తీరిక దొరికినప్పుడు ఇస్తారు.

మొన్నటి గాలివానకి సముద్రం మీ వీధిలోకి వచ్చిన దగ్గరనుంచి అల చప్పుడు వింటే కాళ్లు వణుకుతున్నాయని రాశావు. నీ మొగుడు జగన్నాధం గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదికి వెళ్లిపోయాడు, నీ కూతురు రాణి శ్రీకాకుళం హాస్టల్లో ఉంది, ఒక్కదానివే ఉన్నావు. కళింగపట్నంలో పుట్టి సముద్రానికి జడిసేదాన్ని నిన్నే చూశామని ఒడ్డున నవ్వుతున్నారన్నావు. నవ్వనీ. భయం ఎక్కడుంటుందో వాళ్లకేం తెలుసు.

భయం గుండెలో ఉండదు దాలమ్మా. వెన్ను కొసన, మనం కూర్చునేచోట ఉంటుంది. అక్కడ మూలాధారమనే చక్రం ఉంది. నాలుగు రేకుల ఎర్రతామర, దాని నడుమ పసుపు రంగు చదరం. ఆ చదరమే భూమి. ఏడు తొండాల ఏనుగు దాన్ని మోస్తూ ఉంటుంది. కుండలిని అనే శక్తి అక్కడే పాములా మూడున్నర చుట్లు చుట్టుకుని పడుకుంటుంది. అది పడుకున్నన్నాళ్లూ మనిషి ఇల్లనీ తిండనీ రేపెలాగనీ వణుకుతూ బతుకుతాడు. ఇంద్రియాల్లో ముక్కు, అవయవాల్లో పాదాలు ఈ చక్రానివి. నీ కాళ్లే ఎందుకు వణికాయో ఇప్పుడైనా తెలిసిందా?

పొద్దున్నే చాప కూడా లేకుండా నేల మీద కూర్చో. ఎడమ మడమ కింద పెట్టుకుని, కింది కండరాలు లోపలికి బిగబట్టి, మనసులో ‘లం’ అనుకో. అది భూమికి బీజం. నాన్న పోయిన తర్వాత నీకు నేను చెప్పిన మాట ఏదీ చెడ్డది కాలేదు. ఇదీ కాదు.

నీ క్షేమం కోరే
నూకయ్య

ఇక్కడ నన్ను నిశ్చలానంద అంటారు. ఉత్తరంలో అక్కర్లేదు, కవరు మీద మాత్రం ఆ పేరే రాయి.


కళింగపట్నం
21 నవంబరు 2023

అన్నయ్యకి దాలమ్మ దండాలు.

కవరు మీద నీ కొత్త పేరే రాశాను. పోస్టుమాన్ చూసి “ఎవులమ్మా ఈ ఆనందం?” అన్నాడు. మా అన్నే, రైల్వేలో గూడ్సు గుమాస్తా చేసి మానేశాడు అని చెప్పాను. గూడ్సు గుమాస్తాకి ఆనందం ఎలా వచ్చిందో అతనికి అర్థం కాలేదు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఇంట్లో కుదరదు. పడవలు వచ్చేదాకా ఒడ్డున ఎలాగూ కాసుకుని కూర్చోవాలి కదా, ఆ ఇసక మీదే కళ్లు మూసుకుంటున్నాను. పక్కన తన చేపల గంపతో గున్నమ్మ ఉంటుంది. మొదటి రోజు నన్ను చూసి, “ఒసే దాలీ, ఏటే అలా బిగదీసుకుని కూకున్నావు, సెంబట్టుకెల్లడానికి తోవ దొరకలేదేటి” అంది. ఒడ్డంతా నవ్వు. నాకూ నవ్వొచ్చింది. నవ్వితే బిగబట్టిన బంధం ఊడిపోయింది, మళ్లీ మొదటినుంచి పట్టుకున్నాను.

నీ దగ్గర అబద్ధం దేనికి, భయం తగ్గింది. ఇన్నేళ్లూ గంప నేను మోస్తున్నాను, పిల్లని నేను మోస్తున్నాను అనుకున్నాను. అలా కూర్చుంటే కింద ఇసక నన్ను మోస్తోందని తెలుస్తోంది. నిన్న అల పాదాల దాకా వచ్చినా లేవలేదు. గున్నమ్మే నన్ను లాగింది.

ఒక అనుమానం. ముక్కు కూడా ఈ చక్రానిదే అన్నావు. మరి నా ఒంటి చేపల కంపుకి చక్రం ఏమంటుంది? హైస్కూలుకి వెళ్లే రోజుల్లో నేను పక్కన కూర్చుంటే నువ్వు జరిగేవాడివి. కోపంతో రాయడం లేదు, గుర్తొచ్చి రాశాను. ఇంకోటి. పోయినసారి నిన్ను చూడ్డానికి వచ్చినప్పుడు రాణి, “మావయ్యని సభలో తలుపు కాడ, సెప్పుల పక్కన కూకోబెట్టినారమ్మా” అంది. అక్కడ చలిగాలి తగులుతుందేమో. గొంతుకి గుడ్డ చుట్టుకో.

ఇట్లు
నీ చెల్లెలు దాలమ్మ


కొత్తవలస
3 డిసెంబరు 2023

దాలమ్మకు,

రాణికి చెప్పు, ఇక్కడ వరసలు కులాన్ని బట్టి కావు, సాధనని బట్టి. మూలాధారం కదిలినవాళ్లు ముందు వరస. కదలనివాళ్లు వెనక. నాకు అక్కడే అడ్డు ఉందని స్వామీజీ అన్నారు. ఐదేళ్లుగా కూర్చుంటున్నాను. ఏమీ కదల్లేదు. మొన్న మొన్న చేరిన విశాఖపట్నం ఆడిటరుకి రెండు నెలల్లో కదిలిందట. అతను కళ్లు మూసుకుని ఊగుతుంటే అందరూ చేతులు జోడిస్తున్నారు. నేను ఎవరి మీదా అసూయపడను. చెప్పుల పక్కన చలి కూడా ఏమీ లేదు.

కదిలిందన్న గుర్తులు ఎలా ఉంటాయో నీకూ చెబుతాను. వెన్ను కొసన మంట పుడుతుంది. అక్కడినుంచి కాళ్లలోకి జివ్వుమని పాకుతుంది. తర్వాత కూర్చున్నచోట నేల లేనట్టే ఉంటుంది. అలాంటిది ఏదైనా వస్తే దాచకుండా రాయి. నీకు వస్తుందని కాదు. వంశంలో ఒకరి సాధన ఇంకొకరికి అందుతుందంటారు.

వాసన మాట అడిగావు. వాసన భూమి గుణం. మూలాధారం శుద్ధి అయితే ఒంటి వాసన మారిపోతుంది. నేను జరిగేవాణ్నని నాకు గుర్తులేదు.

నూకయ్య


కళింగపట్నం
13 డిసెంబరు 2023

అన్నయ్యకి,

మొన్న శుక్రవారం పడిపోయాను. ఐసు పెట్టెలు దింపేచోట నేలంతా జారుడుగా ఉంది. నెత్తి మీద కవళ్ళ చేపల గంప నిండుగా ఉంది. కాలు తన్నేసింది. గంప వదిలితే చేపలన్నీ ఇసకపాలు అవుతాయని వదల్లేదు, బరువుతో సహా సిమెంటు గట్టు మీద కూలబడ్డాను. ఒక్క చేప కింద పడలేదు. గున్నమ్మ “సేపలు బాగానే ఉన్నాయిలే, నువ్వు లెగు” అంది. లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆ రోజు నొప్పి అనుకున్నాను. మర్నాటి నుంచి వేరుగా ఉంది. నువ్వు రాసినవన్నీ నీ ఉత్తరంలోంచి దిగి వచ్చినట్టే ఉన్నాయి. వెన్ను కొసన నిప్పు పెట్టినట్టు మంట. రెండు కాళ్లలోకీ జివ్వుమని దిగుతోంది. ఇవాళ పొద్దున కూర్చుని ‘లం’ అనుకుంటుంటే కింద నేల ఉన్నట్టు తెలియలేదు. చేత్తో తడిమి చూసుకున్నాను. చేతికి నేల తగిలింది, నాకు తగల్లేదు.

గున్నమ్మ శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పోదాం రమ్మంటోంది. “ఆటో నాను మాట్లాడతాను, నోరు మూసుకుని ఎక్కు” అంటోంది. నాకూ వెళ్లాలనే ఉంది. కాళ్లు బాగుంటేనే కదా గంప, గంప ఉంటేనే కదా రాణి చదువు. కాని ఇది నువ్వు చెప్పినదే అయితే సూదులూ మందులూ వేయించుకుని పాడుచేసుకున్నదాన్ని అవుతాను. నువ్వు ఏమంటే అది. తొందరగా రాయి.

దాలమ్మ


కొత్తవలస
19 డిసెంబరు 2023

సౌభాగ్యవతి దాలమ్మకు ప్రేమతో,

నీ ఉత్తరం నిలబడే చదివాను. పట్టుకుని తిన్నగా స్వామీజీ దగ్గరికి పరిగెత్తాను. ఆయన సభలో అందరి ముందూ నా చేత చదివించారు. ఐసు సంగతీ, గంప సంగతీ వదిలేశాను, అవి అనవసరం. “చేతికి నేల తగిలింది, నాకు తగల్లేదు” అన్న వాక్యం రెండుసార్లు చదవమన్నారు. చదువురాని ఒక బెస్త స్త్రీకి ఇంత అనుభవమా అని ఆడిటరు కళ్లు తుడుచుకున్నాడు. నువ్వు పదో తరగతి పాసయ్యావని నేను చెప్పలేదు. అలా ఉంటేనే బాగుందనిపించింది.

సభ అవగానే స్వామీజీ చెయ్యి చాచి, ముందు వరసలో చోటు చూపించారు. ఐదేళ్ల తర్వాత, దాలమ్మా. ఇప్పుడు ఆడిటరు పక్కనే కూర్చుంటున్నాను.

ఆసుపత్రికి వెళ్లకు. పడడం ఒట్టి నెపం. పాము లేవాలంటే పుట్టని తన్నాలి, ఆ తన్ను నీకు అలా వచ్చింది. వెన్నులో సూది గుచ్చితే లేచిన శక్తి దారి తప్పుతుంది. తప్పితే పిచ్చి ఎక్కడం కూడా ఉంది. నేల మీదే కూర్చో, ఇంకా ఎక్కువసేపు కూర్చో. మూలబంధం గట్టిగా పట్టు. గున్నమ్మ మాట వినకు, ఆమెకి చేపల ధర తప్ప ఏం తెలుసు.

ఇంకా ఏమేం అనిపిస్తోందో వివరంగా రాయి. సభ ఎదురుచూస్తోంది.

ఆశీస్సులతో
నూకయ్య


కళింగపట్నం
24 డిసెంబరు 2023

అన్నయ్యా,

ఈ ఉత్తరం సభలో చదవకు. నీకొక్కడికే రాస్తున్నాను.

నువ్వు ఎక్కువసేపు కూర్చోమంటే కూర్చున్నాను. మంట పోయింది. మంటతో పాటు అన్నీ పోయాయి. కూర్చునేచోట గిల్లుకున్నా తెలియడం లేదు. ఎడమ పాదం ఈడుస్తోంది, చెప్పు ఊడిపోయినా నాలుగిళ్లు దాటాక గాని చూసుకోలేదు. అన్నతో చెప్పే మాట కాదు, అయినా ఇంకెవరితో చెప్పను. ఒంటికి వెళ్లేది తెలియడం లేదు. గున్నమ్మ ఒడ్డున నా వెనక నిలబడి తన చెంగు అడ్డం పెట్టి, “పద, ఇంటికెల్దాం” అంది. నవ్వలేదు. అది నవ్వకపోయేసరికి నాకు భయం వేసింది. నువ్వు పోగొట్టిన భయమే, మళ్లీ వచ్చింది.

రాణి సెలవులకి వచ్చింది. నన్ను చూసి ఏడ్చి, తర్వాత తిట్టింది. “కాలు సచ్చుబడిపోతంటే సెక్రం తిరుగుతన్నాదంటావేటమ్మా. మావయ్య సెప్తే సముద్రంలోకి నడిసెల్లిపోతావేటి” అంది. మీ ఆశ్రమానికి ఫోన్ చేసింది కూడా. నిశ్చలానంద గారు మౌనంలో ఉన్నారు, ఏదైనా ఉంటే ఉత్తరం రాసుకోండి అన్నారట.

ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. ఆసుపత్రికి వెళ్లవద్దని స్వామీజీ అన్నారా, నువ్వు అంటున్నావా? ఆయన అంటే ఒక సంగతి, నువ్వంటే ఒక సంగతి. నువ్వు ఒక్క మాట వెళ్లమని రాస్తే అప్పుడే వెళ్లిపోతాను. రాణిని నీ ఉత్తరం వచ్చేదాకా ఆగమన్నాను. పిల్ల గుమ్మంలో కూర్చుని పోస్టుమాన్ కోసం చూస్తోంది.

దాలమ్మ


కొత్తవలస
1 జనవరి 2024

దాలమ్మకు,

ఉత్తరం ఆలస్యమైంది, కారణం కింద రాస్తాను.

నువ్వు చదవవద్దన్నావు గనక మొత్తం చదవలేదు. పాదాల భాగం ఒక్కటే చదివాను. పాదాలు మూలాధారానివని మొదటి ఉత్తరంలోనే రాశాను, చూసుకో. అవి లోకాన్ని వదులుతున్నాయి. ఒంటికి వెళ్లేది తెలియకపోవడం కూడా మంచిదే. కిందికి పోయే వాయువు పైకి తిరిగితే దేహం మీద ధ్యాస పోతుంది. మాలాంటివాళ్లం దాని కోసమే ఇక్కడ పడి ఉన్నాం. నీకు వద్దన్నా వస్తోంది. ఇంత దగ్గరికి వచ్చి ఆసుపత్రి మెట్లు ఎక్కితే నిన్ను చూసి నవ్వేది గున్నమ్మ కాదు, నేను.

స్వామీజీ అన్నారా, నువ్వన్నావా అని అడిగావు. ఆయన నవ్వారు. ఆ నవ్వుకి అర్థం నేను చెప్పాను. గురువు వేరూ శిష్యుడు వేరూ కాదు.

ఆలస్యానికి కారణం ఏమిటంటే, ముందు వరసలో పాలరాయి. చల్లటి రాతి మీద గంటలకొద్దీ కూర్చుని నాకు మొలలు వాచాయి, నెత్తురు కూడా పడింది. స్వామీజీ చూసి ఒక్క క్షణం ఆలస్యం చేయవద్దని తన కారులోనే విజయనగరం పంపించారు. మంచి డాక్టరు. వెన్నులో సూది వేసి ఆపరేషన్ చేశాడు, చీమ కుట్టినట్టు కూడా లేదు. ఇప్పుడు నడుమ బెజ్జం ఉన్న రబ్బరు దిండు ఇచ్చారు, దాని మీద కూర్చుంటున్నాను. ఒంటిని అశ్రద్ధ చేస్తే సాధన సాగదని స్వామీజీ మందలించారు. ఆయన దయ.

నువ్వు నేల మీద కూర్చున్న ఫోటో ఒకటి రాణి చేత తీయించి పంపు. సభామందిరంలో పెడదామనుకుంటున్నారు.

నూకయ్య


కళింగపట్నం
18 ఫిబ్రవరి 2024

నిశ్చలానంద గారికి,

మీరు రాసిన ఉత్తరం జనవరి ఆరో తారీఖున వచ్చింది. రాణి కవరు చింపి నాకే ఇచ్చింది. పైకి చదివాను. పాదాలు లోకాన్ని వదులుతున్నాయన్న చోట పిల్ల నా పాదాల కేసి చూసింది. రబ్బరు దిండు దగ్గరికి వచ్చేసరికి కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడిచి, చూరులో దోపింది. వీధిలోకి వెళ్లి ఆటో పిలిచింది. గున్నమ్మా అదీ కలిసి నన్ను చెరో చంకా పట్టుకుని ఎక్కించారు.

వెన్నుపూసల మధ్య గుజ్జు పక్కకి జారి, కాళ్లకి దిగే నరాల మీద పడిందట. డాక్టరు ఆడమనిషి, రాణి కన్నా మరీ పెద్దదేం కాదు. ఆపరేషన్ చేసింది. తర్వాత మంచం పక్కన కూర్చుని, “మొద్దుబారిందని తెలిసిన రోజే వస్తే నడిచేదానివమ్మా. ఇన్నాళ్లు ఎందుకు ఆగావు?” అంది. మా అన్న ఉత్తరం కోసం అన్నాను. ఆవిడకి వినిపించలేదేమో, మళ్లీ అడిగింది. ఈసారి రాణి చెప్పింది. ఆవిడ నా పాదాల మీద దుప్పటి సరిచేసి వెళ్లిపోయింది. సరిచేసినట్టు కళ్లతో చూశాను గనక తెలిసింది.

రాణి మరి హాస్టల్‌కి వెళ్లలేదు. నా గంప అదే ఎత్తుకుంటోంది. మొన్న ఒడ్డు నుంచి వచ్చి నా పక్కన కూర్చోబోయి, కొంచెం జరిగింది. చేపల కంపు కొడుతున్నానమ్మా అంది. ఎవరి కంపుకి ఎవరు జరిగారో నాకు తెలుసు. పొద్దుటి నుంచి తడిసిన బట్టలోనే ఉన్నాను. నాకు తెలియదు కదా. పిల్ల వచ్చి మారిస్తేనే తెలుస్తుంది.

ముక్కూ పాదాలూ ఆ చక్రానివని రాశారు. పాదాలు పోయాయి. ముక్కు బాగా పనిచేస్తోంది. నన్ను నేను మూడు పూటలా వాసన చూసుకుంటూ బతుకుతున్నాను. సచ్చిపోతే పోనీ అని నా తమ్ముడో బావో అనుంటే ఊరుకుందును. తల్లీ తండ్రీ నువ్వే అనుకున్నాను గదరా. నాకు వొచ్చినాది నీకు ముందు వరస పెట్టించడానికేటిరా వొచ్చినాది. నీ కింద దిండు, నా కింద నేల. నీకు కారు, నాకు లం.

జగన్నాధానికి కబురు పంపలేదు. పంపితే గొడ్డలి పట్టుకుని కొత్తవలస వెళ్తాడు. నాకు మీరు గొడ్డలితో పోవడం ఇష్టం లేదు. మీరు వచ్చి, నా పక్కన నేల మీద కూర్చుని, నన్ను ఒక్కసారి వాసన చూడాలి. జరక్కుండా కూర్చోవాలి. అంతే అడుగుతున్నాను. దానికి ఆశ్రమం వాళ్లు సెలవిస్తారా?

ఫోటో అడిగారు, పంపుతున్నాను. రాణి తీయనంది. గున్నమ్మ చేత తీయించాను. ఇప్పుడు నా అంతట నేను కూర్చోలేను గనక వెనక ఉప్పు బస్తా ఆనించారు. బస్తా కనబడకుండా చీర కప్పాను. మీ సభకి బాగుండాలి కదా.

దాలమ్మ


కొత్తవలస
2 మార్చి 2024

చిరంజీవి దాలమ్మకు నిశ్చలానంద ఆశీస్సులు.

ఫోటో అందింది. చాలా బాగా వచ్చింది. ముఖంలో ఏ వికారమూ లేదు. అద్దం కట్టించి, మందిరంలో తూర్పు గోడకి పెట్టారు. కవరు తెరవగానే చేపల వాసన వచ్చింది, అందుకని అగరొత్తుల పొగ పట్టించి ఇచ్చాను.

నీ ఉత్తరంలో కఠినమైన మాటలు కొన్ని ఉన్నాయి. శక్తి లేచినవాళ్లు అలా మాట్లాడడం ఉంది, నేను తప్పుపట్టను. స్వామీజీకి చూపించలేదు. ఆయనకి పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. ముందు వరసలో నా చోటు గురించి కూడా ఇప్పుడెందుకు కదపడం అనిపించింది.

నన్ను రమ్మన్నావు. రావాలనే ఉంది. కాని కొత్తవలస నుంచి మీ ఊరికి బస్సులో పూటంతా కూర్చోవాలి, డాక్టరు ఇంకా గట్టి సీటు మీద కూర్చోవద్దన్నాడు. మీ ఇంట్లో నేల కూడా సిమెంటే కదా. కొంచెం కుదురుకున్నాక చూద్దాం.

భక్తులు నీ ఫోటో ముందు ఆగి దండం పెడుతున్నారు. నిన్న ఒక ముసలావిడ చాలాసేపు నిలబడి చూసి, “ఈ తల్లి ఆసనం మీంచి లెగదేటి బాబూ?” అని నన్ను అడిగింది.

లేవదు అని చెప్పాను.

నిశ్చలానంద